రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం అలాగే ఉంది: ఆరోగ్య సోషియాలజీ కోర్సు చేశాక

రెండేళ్లుగా నాకు నడుము నొప్పి. ఎక్స్‌రే, ఎంఆర్ఐ, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. ఆ మధ్య లీవ్ అడిగితే మా మేనేజర్ ఫైలు అటూ ఇటూ తిప్పి చూసి, "రిపోర్టులో ఏమీ లేదు కదండీ, మరి లీవ్ దేనికి?" అన్నారు. ఆ మాట బుర్రలో తిరుగుతుండగానే ఆన్‌లైన్‌లో ఈ ఆరు వారాల కోర్సు కనబడింది. సమాజం, ఆరోగ్యం, అనారోగ్యం గురించి సోషియాలజీ వాళ్లు చెప్పే వీడియో పాఠాలు. పూర్తిచేసి వారమైంది.

మొదటి వారం మొత్తం డిసీజ్, ఇల్‌నెస్, సిక్‌నెస్ అనే మూడు మాటల మీదే నడుస్తుంది. మూడూ జబ్బే కదా, ఏమిటీ సాగదీత అని విసుక్కున్నాను, కానీ మెల్లగా ఎక్కింది. డాక్టరు పరీక్షల్లో పట్టుకునేది డిసీజ్. "ఒంట్లో బాలేదు" అని మనకు తెలిసేది ఇల్‌నెస్. ఇతనికి నిజంగానే జబ్బు చేసింది అని ఇంట్లోవాళ్లో ఆఫీసో ఒప్పుకుంటే అది సిక్‌నెస్. మూడూ కలిసే రావాలని లేదు. బీపీ ఉన్న మనిషి ఏ బాధా తెలియకుండా ఏళ్లు గడిపేస్తాడు, అంటే డిసీజ్ ఉంది, ఇల్‌నెస్ లేదు. నాది దానికి సరిగ్గా తిరగేసిన కేసు. ఇది విన్నాక వీడియో ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

రెండో వారం టాల్కాట్ పార్సన్స్ అనే అమెరికన్ సోషియాలజిస్టు గురించి. ఆయన 1951లో చెప్పిన "సిక్ రోల్" ప్రకారం జబ్బు పడటం కూడా సమాజంలో ఒక పాత్రే, దానికి హక్కులూ బాధ్యతలూ ఉంటాయి. రోజువారీ పనుల నుంచి మినహాయింపు దొరుకుతుంది, జబ్బు పడ్డందుకు మనల్ని తప్పుపట్టరు. బదులుగా మనం త్వరగా కోలుకోవాలని కోరుకోవాలి, డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పినట్టు వినాలి. జ్వరానికైతే ఈ లెక్క బాగానే కుదురుతుంది. తగ్గని జబ్బు సంగతేమిటి? షుగరు, కీళ్లవాతం ఉన్నవాళ్లు ఎన్నాళ్లని "కోలుకుంటూ" ఉండాలి? పార్సన్స్ మీద చాలామంది చేసిన విమర్శే ఇది. 1982లో మైకేల్ బ్యూరీ అనే ఆయన కీళ్లవాతం ఉన్నవాళ్లతో మాట్లాడి, దీర్ఘకాలిక జబ్బు మనిషి జీవితకథనే మధ్యలో తెంపేస్తుందని రాశారు. నాకు కావాల్సింది ఆ పాఠమే, కోర్సులో దానికిచ్చింది పట్టుమని పది నిమిషాలు కూడా లేదు. ఈ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది.

అన్నిటికంటే బాగున్నది నాలుగో వారం. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఉంది కదా, దాన్ని తాపీగా విడమర్చారు. అందులో ఉన్న సుమారు 18 వేల మంది మగవాళ్లలో తిండికి గతిలేనివాడు ఎవరూ లేడు, అందరికీ ఉద్యోగం ఉంది. అయినా అందరికంటే కింది మెట్టు ఉద్యోగుల్లో గుండెజబ్బు చావులు పైమెట్టు వాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో సగం కూడా తేలలేదు. పైగా ఇది పేదా గొప్పా అనే రెండు ముక్కల తేడా కాదు, ఒక్కో మెట్టు దిగేకొద్దీ కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతుంది. "టెన్షన్ పడకండి" అని చీటీ మీద రాసిచ్చే డాక్టర్లకు ఈ ఒక్క వీడియో చూపించాలనిపించింది. కింది మెట్టులో ఉండి, మన పని మీద మన చేతిలో ఏమీ లేనప్పుడు టెన్షన్ పడకుండా ఎలా ఉంటారండీ?

మూడో వారంలో థామస్ మెక్‌కియోన్ అనే బ్రిటిష్ డాక్టరు వాదన ఉంది. ఇంగ్లండ్‌లో క్షయ చావులు స్ట్రెప్టోమైసిన్ అనే మందు రాకముందే చాలావరకు తగ్గిపోయాయి, దానికి అసలు కారణం మంచి తిండి అంటారాయన. సరే. కానీ 1988లో సైమన్ ష్రెటర్ అనే చరిత్రకారుడు దీన్ని గట్టిగా ప్రశ్నించి, శుభ్రమైన నీళ్లు, మురుగు కాలువల లాంటి ప్రజారోగ్య పనులను మెక్‌కియోన్ తక్కువచేశారన్నారు. కోర్సులో ఆ ఊసే ఎత్తకుండా ఒక పక్షమే చెప్పి వదిలేస్తే ఎలా?

ఐదో వారం వైద్యీకరణ, అంటే మామూలు సంగతులు కూడా జబ్బుల ఖాతాలోకి చేరడం. బానిసలు పారిపోవడం ఒక మానసిక రోగమని 1851లో అమెరికాలో ఒక డాక్టరు దానికో పేరు కూడా పెట్టాడని విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తీసేసింది 1973లో. ఉదాహరణలు బాగున్నాయి, చెప్పేవిధానమే నీరసం, స్లైడు చూసి చదివేశారు. ఆరో వారం రివిజనే, చూడకపోయినా నష్టం లేదు.

ఇక తిప్పలు. సబ్‌టైటిల్స్‌లో పార్సన్స్ ప్రతిసారీ "పర్సన్స్" అయిపోయాడు. యాప్‌లో వీడియో మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది. క్విజ్ మరీ అన్యాయం, ఎవరు ఏ సంవత్సరంలో అన్నారనే ప్రశ్నలే, అర్థమైందో లేదో చూసే ప్రశ్న ఒక్కటీ లేదు. సర్టిఫికెట్ కోసమైతే చేయకండి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. నర్సింగ్, మెడిసిన్ చదివేవాళ్లకు, ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్లకు పనికొస్తుంది. టైం లేకపోతే ఒకటో వారం, నాలుగో వారం చూడండి, స్పీడు కాస్త పెంచుకుని.