అరవై పత్రికలు, ఒకే కాపీ: వార్తల పోలిక యాప్‌తో రెండేళ్లు

పత్రికల మొగ్గు చూపే ఆ రంగు ముద్రలను, పట్టీని దాచేసే సెట్టింగ్ ఒక్కటి ఇచ్చి ఉంటే ఈ యాప్‌కి ఐదుకి ఐదు వేసేవాణ్ణి. రెండేళ్ల పైచిలుకు రోజూ వాడుతున్నాను, అది ఇంకా రాలేదు.

ఒకే సంఘటనను రకరకాల పత్రికలు, ఛానళ్లు ఎలా రాశాయో పక్కపక్కన పెట్టి చూపించే యాప్ ఇది. ప్రతి శీర్షిక పక్కన ఆ సంస్థ రాజకీయంగా ఎడమా, మధ్యా, కుడా అని ఒక ముద్ర ఉంటుంది. పైన అడ్డంగా పట్టీ: ఈ వార్త రాసినవాళ్లలో ఎడమ ఎంత శాతం, కుడి ఎంత శాతం అని. చందా ఎంత, డార్క్ మోడ్ ఉందా లాంటివి స్టోర్ పేజీలోనే దొరుకుతాయి, వాటి జోలికి పోను.

ముందు నచ్చింది చెప్తాను. పక్కపక్కన పెట్టే ఆ పేజీకి నేను బానిసైపోయాను. ఏదైనా పెద్ద కంపెనీ ఉద్యోగులను తీసేసిన రోజు చూడండి. ఒకచోట "వేల మందికి ఉద్వాసన" అని ఉంటుంది. ఇంకోచోట "ఖర్చులు తగ్గించుకుంటున్న కంపెనీ" అని, మరోచోట "ఎగబాకిన షేరు" అని. మూడూ నిజమే, ఎవరూ అబద్ధం రాయలేదు. ఎవరి బాధ లేదా ఎవరి లాభం వార్త అయిందన్నదే తేడా. లోపలికి వెళ్తే ఇంకా బయటపడుతుంది. ఉద్యోగం పోయినవాళ్ల మాట కొందరికి రెండో పేరాలోనే వస్తుంది, కొందరికి అడుగున ఎక్కడో ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. ఒక్క పత్రికతో సరిపెట్టుకున్న రోజుల్లో ఇది నా కంట పడే దారే లేదు.

ఇక పట్టీ సంగతి. ఒక సాయంత్రం రెండు దేశాల మధ్య చర్చలు చెడిపోయాయన్న వార్త పైకి వచ్చింది. అరవైకి పైగా సంస్థలు రాశాయని చూపించింది. పట్టీ కూడా భలే సమంగా ఉంది, ఎడమ, మధ్య, కుడి దాదాపు తలా మూడోవంతు. ఇన్ని రకాల వాళ్లు ఒకటే చెప్తున్నారంటే ఇంక సందేహం దేనికి అనిపిస్తుంది కదా. రెండు మూడు తెరిచేసరికి "పేరు చెప్పడానికి ఇష్టపడని అధికారి" చెప్పిన ఒక వాక్యం అక్షరం తేడా లేకుండా అన్నింట్లో కనిపించింది. అప్పుడు వరసపెట్టి తెరిచాను. పైనో కిందో చిన్న అక్షరాల్లో ఒకే వార్తా ఏజెన్సీ పేరు, అంటే వార్తలు రాసి పత్రికలకు అందించే సంస్థ. చాలావరకు ఆ ఏజెన్సీ రాసిచ్చిన కాపీనే, శీర్షిక మాత్రం ఎవరిది వాళ్లది. సొంత విలేఖరితో రాయించుకున్నవాళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అంటే పట్టీ అరవై గొంతులుగా చూపించింది నిజానికి ఒక విలేఖరి, ఆయనతో మాట్లాడిన ఒక పేరులేని అధికారి.

దీన్ని మించింది ఇంకోటి ఉంది. మూల కాపీలో చివరి పేరా ఏమిటంటే, చర్చలు చెడిపోలేదని రెండో దేశం ఇచ్చిన ఖండన. చాలామంది దగ్గర ఆ పేరానే లేదు. ముఖ్యమైనది పైన, మిగతాది కింద ఉండేలా వార్త రాస్తారు కాబట్టి, చోటు చాలకపోతే డెస్క్‌లో, అంటే పత్రికలో వార్తలు దిద్దేచోట, కత్తెర కిందినుంచే పడుతుంది. దీంట్లో కుట్రేమీ ఉండక్కర్లేదు. కానీ "మధ్య" అని ముద్ర ఉన్న రెండు మూడు సంస్థల్లో ఖండన ఎగిరిపోయింది, బాగా ఒకవైపు ఒరిగిందని ముద్ర పడ్డ ఒక సంస్థ కాపీని మొత్తం వేసింది. పట్టీని నమ్మి మధ్యవాళ్లను చదివినవాడికి సగం వార్తే అందింది.

పత్రికలను తప్పుపట్టడం లేదు. ప్రతి ఊళ్లో విలేఖరిని పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. 1846లో న్యూయార్క్ పత్రికలు కొన్ని మెక్సికో యుద్ధ వార్తలు తెప్పించే ఖర్చు పంచుకోవడంతోనే అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా ఏజెన్సీ పుట్టింది. నా గొడవల్లా ఒకే కాపీని అరవైగా లెక్కపెట్టే యాప్‌తో. రాసి పంపితే మర్యాదగా జవాబిచ్చారు. తర్వాతి అప్‌డేట్‌లో ఏజెన్సీ కాపీకి చిన్న గుర్తు కూడా వచ్చింది. పట్టీ లెక్క మాత్రం మారలేదు.

ముద్రలు వేసే సంస్థలే ఈ విషయంలో కాస్త జాగ్రత్తగా ఉంటాయి. ఆల్‌సైడ్స్ తన రేటింగ్ మొగ్గును మాత్రమే చెప్తుందని, వార్త నిజమా కాదా అన్నది చెప్పదని స్పష్టంగా అంటుంది. యాడ్ ఫాంటెస్ అనే మరో సంస్థ చార్టులో మొగ్గు అడ్డంగా, విశ్వసనీయత నిలువుగా విడివిడిగా ఉంటాయి. యాప్‌లోకి వచ్చేసరికి అన్నీ ఒక్క రంగులో కలిసిపోయాయి. పైగా ఆ ఎడమ, కుడి అన్నవి అమెరికా రాజకీయాల కొలత. వేరే దేశాల పత్రికల మీద వేస్తే అతకదు.

ముద్ర కింద "ఇది సరైనదేనా" అని పాఠకుల ఓటు అడుగుతారు. ఒకే సంస్థను ఇరుపక్షాలూ ఎదుటివాళ్ల మనిషే అని తిట్టిపోస్తుంటాయి. ఇదేమీ కొత్త కాదు. 1982లో బీరూట్‌లో జరిగిన పాలస్తీనా శరణార్థుల మారణకాండ మీద వచ్చిన టీవీ వార్తలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇజ్రాయెల్‌ను సమర్థించేవాళ్లకీ, అరబ్బులను సమర్థించేవాళ్లకీ చూపించారు. చూసింది ఒకటే అయినా రెండువైపులా తమకే అన్యాయం జరిగిందన్నారు. 1985లో అచ్చయిన పరిశోధన అది. ముద్ర కనిపించగానే చదవకముందే నేను కూడా అనుమానంగా కళ్లు చిట్లిస్తున్నాను, అందుకే దాచే సెట్టింగ్ కావాలంటున్నాను.

పోలిక పేజీ గురించి కూడా ఒక మాట. శీర్షిక చాలాసార్లు విలేఖరి పెట్టింది కాదు, డెస్క్‌లో పెడతారు, ఆన్‌లైన్‌లో అయితే పూటకోసారి మారుస్తారు. పొద్దున చూసిన పోలిక మధ్యాహ్నానికి చెల్లకపోవచ్చు. నేనైతే రాత్రికి చూడటం అలవాటు చేసుకున్నాను. ఒక పక్షం వదిలేసిన వార్తలకు విడిగా ట్యాబ్ ఉంది, బాగుంటుంది. ఇద్దరూ కలిసి వదిలేసింది మాత్రం అందులో ఎలాగూ రాదు.

మూడున్నర ఇస్తున్నాను. రోజూ రాత్రి ఓ గంట వార్తలకు ఇవ్వగలను, లింకులు తెరిచి చూసే చాదస్తం కూడా ఉంది కాబట్టి నాకు గిట్టుబాటయింది. ఐదు నిమిషాలే ఉన్నవాళ్లు పట్టీ చూసి మూసేస్తారు, వాళ్లకి దీన్ని కొనమని చెప్పడానికి నోరు రావడం లేదు. నేను చందా మళ్లీ కట్టాను, నెలవారీదే. ఏడాదిది వాళ్లు ఆ లెక్క మార్చాక చూద్దాం.