వాక్యూమ్ లీక్ టెస్టర్‌తో నాలుగేళ్లు: జంతికల దగ్గర గెలిచింది, ఆవకాయ దగ్గర తడబడింది

మా పచ్చళ్లు, పిండివంటల యూనిట్‌లోకి వాక్యూమ్ డికే పద్ధతిలో (పౌచ్ చుట్టూ గాలి లాగేసి, పీడనంలో మార్పును బట్టి సీల్‌లో సందు ఉందేమో చెప్పే పద్ధతి) పనిచేసే లీక్ టెస్టర్ వచ్చి ఈ వేసవితో నాలుగేళ్లు నిండాయి. నాకు దాని మీద ఉన్న ఇష్టానికి కారణం ఒక్కటే. పరీక్షకు పెట్టిన పౌచ్‌ను తీసి, మళ్లీ అదే అట్టపెట్టెలో సర్దేయవచ్చు. అంతకు ముందు పౌచ్‌లను మూత ఉన్న నీటి తొట్టిలో ముంచి, పైనున్న గాలి లాగి, బుడగల కోసం కళ్లు చికిలించుకుని చూసేవాళ్లం. బుడగ రాకపోయినా లేబుల్ తడిసి, ముద్రించిన బ్యాచ్ నంబరు చెరిగి, ఆ పౌచ్ అమ్మకానికి పనికిరాకుండా పోయేది. అందుకే గంటకు రెండు మూడింటికి మించి పరీక్షించడానికి మనసొప్పేది కాదు. ఇప్పుడు ప్రతి అట్టపెట్టె నుంచి ఒకటి తీసి చూస్తున్నాం, ఏదీ పారబోయడం లేదు.

నైట్రోజన్ నింపిన జంతికలు, చెక్కల పౌచ్‌ల విషయంలో దీనికి వంక పెట్టలేను. పౌచ్ వెనుక నిలువుగా వచ్చే సీల్, పై అడ్డ సీల్‌ను కలిసే చోట ఫిల్మ్ పొరలు రెండింతలవుతాయి. ఆ మెట్టు దగ్గర వేడి సరిగా దిగకపోతే వెంట్రుకంత సందు మిగిలిపోతుంది. చేత్తో నొక్కి చూస్తే తెలియని ఆ సందును యంత్రం అరనిమిషంలోపే పట్టేస్తుంది. నెల తిరగకుండానే జంతికలు మెత్తబడ్డాయన్న ఫిర్యాదులు మాకు దాదాపు ఆగిపోయాయి.

ఆ నమ్మకంతోనే రెండో ఏడాది ఆవకాయను కూడా పూర్తిగా దీనికే అప్పగించాం. మే నెలలో కట్టిన ఒక బ్యాచ్ పౌచ్‌లన్నీ పరీక్షలో నెగ్గాయి. పన్నెండు రోజుల తరువాత డీలర్ ఫోన్ చేసి, అట్టపెట్టెల అడుగున అరచేతి మేర నూనె మరకలు ఉన్నాయని చెప్పారు. నేను ముందు రవాణాలో నలిగి ఉంటాయనే అనుకున్నాను. తరువాత మా దగ్గర నమూనాలుగా దాచుకున్న పౌచ్‌లను తీసి చూస్తే, మూడింటి మూతి దగ్గర వేలికి జిడ్డు తగిలింది. ఆ మూడింటినీ తుడిచి మళ్లీ టెస్టర్‌లో పెట్టాను. మూడూ నెగ్గాయి. నూనె ఊరుతున్న పౌచ్ నా చేతిలో ఉండగా తెర మీద పచ్చ దీపం వెలగడం చూసి నాకు నిజంగా భయం వేసింది, ఎందుకంటే అప్పటికే ఆ దీపాన్ని నమ్మి ఎన్నో పెట్టెలు పంపించి ఉన్నాం.

ఒక పౌచ్‌ను అడుగున కోసి, పచ్చడి తీసేసి, సబ్బు నీటితో కడిగి ఆరబెట్టి, లోపలి నుంచి సీల్ వెంట రంగునీళ్లు పోశాను. రంగు సన్నని గీతలా సీల్‌ను దాటి బయటికి వచ్చింది. కారణం వెతికితే, నింపే నాజిల్ వాషర్ అరిగి, ఒక్కో పౌచ్ మూతి మీద ఆవపిండి కలిసిన నూనె బొట్టు పడుతోందని తేలింది. ఆ బొట్టు మీదే సీల్ పడింది. ఇక యంత్రం ఎందుకు పట్టలేదంటే, అది చూసేది పీడనాన్ని మాత్రమే: పౌచ్ చుట్టూ ఉన్న గదిలో గాలి లాగి, కవాటం మూసి, లోపలి గాలి బయటికి వచ్చి పీడనం పెరుగుతుందా అని గమనిస్తుంది. సందులో నూనె నిండి ఉంటే గాలికి దారి ఉండదు. కారేది నీరైతే తగినంత శూన్యంలో ఆవిరై పీడనాన్ని పెంచుతుంది (30 డిగ్రీల దగ్గర నీరు సుమారు 42 మిల్లీబార్లకే మరుగుతుంది), కానీ నువ్వుల నూనె ఆవిరి కాదు, ఆ కొద్ది సెకన్లలో చిక్కగా సందులోనే నిలిచిపోతుంది.

అప్పటి నుంచి ప్రతి ఆవకాయ బ్యాచ్‌లో పది పౌచ్‌లను మూతి కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద పెట్టి, పైన పలకతో బరువు ఉంచి, మర్నాటి ఉదయం కాగితం చూస్తున్నాం. ఆ పౌచ్‌లు కూడా పాడవవు, ఒకసారి తుడిస్తే చాలు. ఖర్చు లేని ఈ పని యంత్రం వచ్చిన రోజు నుంచే చేసి ఉండవలసింది.

పరీక్షలో పౌచ్‌కు ఏమీ కాదని పైన రాసినదానికి కూడా ఒక షరతు ఉంది. శూన్యంలో పౌచ్ ఉబ్బుతుంది కనుక, దాన్ని అదిమిపట్టే పలక పౌచ్ సైజుకు సరిపోయేది కాకపోతే, బాగున్న సీల్ కూడా సాగుతుంది. కొత్త సైజు తెచ్చినప్పుడు పాత పలకతోనే నెట్టుకొచ్చి కొన్ని పౌచ్‌లను మేమే పాడుచేసుకున్నాం. వానాకాలంలో పౌచ్ పైన చెమ్మ ఉంటే అది ఆవిరై, మంచి పౌచ్‌ను కూడా లీక్ అని చూపిస్తుంది. పొడిబట్టతో తుడిచి మళ్లీ పెడితే నెగ్గుతుంది. తెలిసిన కొలత గల లీక్‌ను, అంటే కావాలని పెట్టిన సన్నని రంధ్రాన్ని, బిగించి యంత్రాన్ని సరిచూసుకోవడం షిఫ్టుకు ఒకసారి తప్పడం లేదు.

మా సరుకులో సగానికి పైగా ఎండువి, అమెరికాలోని తెలుగువారి దుకాణాలకు వెళ్లేవి. అంత దూరం వెళ్లిన పెట్టె తిరిగి రాదు కనుక, ఈ యంత్రానికి పెట్టిన డబ్బు మాకు గిట్టుబాటు అయిందనే నా అభిప్రాయం. నూనె పచ్చళ్లు మాత్రమే చేసే చిన్న యూనిట్‌కు ఇదే మాట చెప్పలేను. అలాంటివారు కొనేముందు తమ పచ్చడి నింపిన పౌచ్ మూతి మీద కావాలని నూనె బొట్టు వేసి, సీల్ చేసి, రెండు రోజులు ఉంచి, అమ్మేవారి ఎదుటే పరీక్షకు పెట్టాలి. మాకు చూపించినప్పుడు గాలి నింపిన ఖాళీ పౌచ్‌కు సూదితో పొడిచి చూపించారు. ఎర్ర దీపం వెలిగింది, మేము అక్కడే సంతకం పెట్టాం.