ఫ్లూ మీద ఫంగస్: వోరికొనజోలా, యాంఫోటెరిసినా?

"సార్, ఈ రెండిట్ల దేనికి పవర్ ఎక్కువుంటది?"

హనుమకొండలో మా ఐసీయూ బయట ఒక అబ్బాయి వోరికొనజోల్, యాంఫోటెరిసిన్ అనే రెండు ఫంగస్ మందుల గురించి అడిగిన మాట ఇది. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోస్తాడు. ఫ్లూ ముదిరి వెంటిలేటర్ మీదికి వెళ్లాడు. నాలుగో రోజు ట్యూబులోంచి తీసిన కఫంలో నెత్తుటి జీరలు. బ్రాంకోస్కోపీలో, అంటే సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి చూస్తే శ్వాసనాళం గోడకు మీగడ తరకల్లా తెల్లటి పొర అంటుకుని ఉంది. ఊపిరితిత్తి కడిగిన నీళ్లలో ఫంగస్ గోడలోని చక్కెర పదార్థం, గెలాక్టోమానన్, పాజిటివ్. అంటే ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్.

మిర్చి ఘాటుకు వచ్చిందా అని ఇంట్లోవాళ్ల అనుమానం. ఈ ఫంగస్ బీజాలను మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం. ఫ్లూ లోపలి పొరను దెబ్బతీశాక, పైన స్టెరాయిడ్ కూడా పడితే వాటికి చోటు దొరుకుతుంది. నెదర్లాండ్స్, బెల్జియం ఐసీయూలలో ఫ్లూతో చేరినవాళ్లలో 19 శాతం మందికి ఇది వచ్చినట్టు 2018లో లెక్క తేలింది.

ఇక పవర్ సంగతి. 2002 నాటి పెద్ద ట్రయల్‌లో 12 వారాలకు వోరికొనజోల్ తీసుకున్నవాళ్లు 71 శాతం, యాంఫోటెరిసిన్ తీసుకున్నవాళ్లు 58 శాతం బతికారు. కానీ అది పాత రకం యాంఫోటెరిసిన్, ఇప్పుడు మనం వాడే, సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టిన లైపోసోమల్ రకం కాదు. అందుకే ఆ అంకెలొక్కటే చూసి తీర్పు చెప్పను. నేను ముందు చూసేది ఈ మనిషికి ఏ అవయవం గట్టిగా ఉందని.

లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కిడ్నీని పిండుతుంది, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. రోజుకు కిలోకు 3 మిల్లీగ్రాములు చాలు. 10 ఇస్తే లాభం పెరగలేదు, కిడ్నీలే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ పసుపు మందును సెలైన్‌లో కలపకూడదు, డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. డ్యూటీ మారినప్పుడల్లా సిస్టర్లకు ఇది మళ్లీ చెబుతాను. 2021లో బ్లాక్ ఫంగస్ (మ్యూకర్) వచ్చినప్పుడు దీనికోసమే జనం ఊళ్లు తిరిగారు. మ్యూకర్ అనుమానం ఉంటే ఇప్పటికీ మొదటి దిక్కు ఇదే, దానిమీద వోరికొనజోల్ పనిచేయదు.

వోరికొనజోల్‌తో లివర్, ఈసీజీలో క్యూటీ చూసుకోవాలి (ఈ క్యూటీ వ్యవధి మరీ పెరిగితే గుండె లయ తప్పొచ్చు). మిడజోలం అనే మత్తుమందు పక్కన నడుస్తుంటే ఆ మత్తు ఓ పట్టాన వదలదు. అన్నిటికంటే తలనొప్పి రక్తంలో దాని లెవెల్. ఒక్కో ఒంట్లో ఒక్కోలా ఉంటుంది. తర్వాతి డోసుకు ముందు తీసిన శాంపిల్‌లో లీటరుకు 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. తగ్గితే ఫంగస్ లొంగదు, మరీ పెరిగితే పేషెంటుకు లేని మనుషులు కనిపిస్తారు.

ఇసావుకొనజోల్ అనే మూడో మందు ఈ రెండిటి మధ్య మంచి దారి. లివర్ మీద భారం తక్కువ, క్యూటీని పెంచదు, మ్యూకర్ మీదా పనిచేస్తుంది. ధర వినగానే ఆ అబ్బాయి గోడకు ఆనుకున్నాడు.

పెద్దాయన క్రియాటినిన్ అప్పటికే 2.1, అంటే కిడ్నీ బలహీనంగా ఉంది. మ్యూకర్ ఆనవాళ్లు లేవు, క్యూటీ బాగుంది. వోరికొనజోల్‌కే మొగ్గాను. ఇంజెక్షన్‌లో మందును కరిగించే పదార్థం బలహీనమైన కిడ్నీలో పేరుకుంటుందని తెలిసినా, పేగు సరిగా పనిచేయని మనిషికి ముక్కు ట్యూబులో మాత్ర నూరి పోయడం నమ్మలేకపోయాను.

ఐదో రోజు లెవెల్ 0.6 వచ్చింది. జ్వరం తగ్గింది కదా, మళ్లీ టెస్టుకు డబ్బులెందుకని వాళ్లబ్బాయి అప్పటికే ఒకసారి గొణిగాడు. రిపోర్టు చేతికిచ్చి, డోసు పెంచాను.