చిన్న పెరట్లో ఫైబర్ స్పా: కొన్నేళ్లు వాడాక

స్పా టబ్, అంటే వేడినీళ్లలో కూర్చునే తొట్టి కొనేవాళ్లందరూ నీళ్లు చిమ్మే జెట్లు ఎన్ని అనే అడుగుతున్నారు. విశాఖలో, అందులోనూ సముద్రం వైపు ఉండేవాళ్లు ముందు అడగాల్సింది నీళ్లు తిప్పే మోటారు ఎక్కడ బిగిస్తారని. మాది లాసన్స్ బే కాలనీ. కొన్నేళ్లుగా వాడుతున్నా ఫైబర్ తొట్టి చెక్కుచెదరలేదు, దాని చుట్టూ ఉన్న స్క్రూలు, క్లాంపులు, మోటారు బేరింగులు మాత్రం ఉప్పుగాలికి ఒక్కొక్కటిగా పోయాయి.

సైజు సంగతి. మాది ఆరడుగులకి ఐదు, సుమారు 1000 లీటర్లు పడుతుంది. ఇద్దరికి హాయిగా సరిపోతుంది, మూడోవాళ్లు దిగితే మోకాళ్లు తగులుతాయి. ఫైబర్ తొట్టి ఒకే ముక్కగా వస్తుంది కాబట్టి పెరడు కొలిస్తే చాలదు, గేటు, పక్క సందు, పైన సన్‌షేడ్ అన్నీ కొలవాలి. మాకు సందులో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ విప్పితే గాని టబ్ లోపలికి రాలేదు, అదీ నిలబెట్టి, నలుగురు పట్టుకుని, గోడకి గోనెసంచులు కట్టి.

డాబా మీద పెడదామనుకునేవాళ్లు ఒక్క లెక్క చూడండి. నీళ్లే ఒక టన్ను, మనుషులూ తొట్టీ కలిపితే 1300 కిలోలు, అంటే చదరపు మీటరుకు 450 కిలోల పైమాట. ఇళ్ల డాబాలకి మామూలుగా లెక్కేసేది 150. ఇంజినీరు సరేనని కాగితం మీద రాసిస్తే తప్ప ఆ జోలికి పోవద్దు.

హీటర్ మీద పెద్దగా డబ్బు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. 1000 లీటర్లని 28 నుంచి 38 డిగ్రీలకి తేవాలంటే దాదాపు 12 యూనిట్లు కాలుతుంది, 3 కిలోవాట్ల హీటర్‌తో నాలుగు గంటలు. మనకి అది పనికొచ్చేది డిసెంబరు, జనవరి సాయంత్రాల్లోనే. మే నెలలో సమస్య తిరగబడుతుంది, ఎండ తగిలితే నీళ్లు వాటంతటవే వేడెక్కి కూర్చుంటాయి, ఆ ఉక్కపోతలో వేడినీళ్లలో ఎవరు కూర్చుంటారు! అందుకే నీడ ముఖ్యం, హీటర్ తర్వాత. వైరింగ్‌లో మాత్రం పిసినారితనం వద్దు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకుండా నీళ్లలో కాలు పెట్టొద్దు.

ఇక మోటారు. మాకు టబ్ పక్క ప్యానెల్ వెనకాల, గాలాడని చోట ఇరికించారు. మొదటి వానాకాలం దాటేసరికి కీచుమని శబ్దం మొదలైంది, ప్యానెల్ తీస్తే స్క్రూ తలలు పొరలు పొరలుగా ఊడి వస్తున్నాయి. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే తుప్పు వారంటీలోకి రాదండీ అని ఎంతో మర్యాదగా చెప్పారు. తర్వాత మా ప్లంబర్ మోటారుని బయటికి తెచ్చి, ఇటుక దిమ్మ మీద, రేకు కింద పెట్టాడు, బోల్టులన్నీ ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాడు. మామూలుగా దొరికే 304 రకం ఈ గాలికి మచ్చలు పడుతుంది. అప్పట్నుంచి టెన్షన్ లేదు.

నీళ్ల విషయం. బోరు నీళ్లు పోస్తే గట్టు చుట్టూ తెల్లని పొర కడుతుంది, గోటితో గీకితే పొడి రాలుతుంది, వెనిగర్ పెట్టి రుద్దితే పోతుంది. కుళాయి నీళ్లు దొరికితే అవే నయం. చాలామంది బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు, దాంట్లో సున్నం ఉంటుంది కాబట్టి ఆ పొర ఇంకా పెరుగుతుంది, ద్రవ క్లోరిన్ మేలు. నీళ్ల పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే కళ్లు మండవు. నీళ్లు మార్చినప్పుడు పాతవి ఒకట్రెండు రోజులు మూత తీసి వదిలేస్తే క్లోరిన్ పోతుంది, మా అమ్మ వాటిని కొబ్బరిచెట్టుకి పోయిస్తుంది. తొట్టి పైన ఉండే మెరుపు పొర ఎండకి సుద్దలా తేలకుండా అప్పుడప్పుడూ కారు వ్యాక్స్ పట్టిస్తున్నాం.

మూత లేకపోతే దోమలు ఇంటిల్లిపాదినీ తినేస్తాయి. అయితే కంపెనీ ఇచ్చే ఫోమ్ మూత వానలకి నీళ్లు పీల్చి, ఇద్దరు లేపలేనంత బరువైపోతుంది. మేం టార్పాలిన్ పనివాడి దగ్గర విడిగా ఓ తొడుగు కుట్టించి, నాలుగు వైపులా బెల్టులు పెట్టించాం. తుఫాను హెచ్చరిక వస్తే మెయిన్ ఆపేసి, బెల్టులు బిగించి, నీళ్లు మాత్రం తియ్యకుండా వదిలేస్తాం, నిండుగా ఉన్న తొట్టిని గాలి కదపలేదు. హుద్‌హుద్ చూసిన ఊరు కదా, బెల్టుల కొక్కేలు మాత్రం గోడకి కాదు, నేలలో దిమ్మకే బిగించండి.