లిఫ్టు బటన్లకు నంబర్లు: స్విచ్చులా, నెట్‌వర్కా?

హన్మకొండలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టుకు ప్రతి అంతస్తు బటన్ పెట్టెలోనూ గోటితో జరిపే బుల్లి స్విచ్చులున్నాయి. మెకానిక్ మెట్లెక్కుతూ ఆ స్విచ్చులతో ఒక్కో పెట్టెకూ దాని అంతస్తు నంబర్ పెట్టాలి. ఒక్కటి తప్పినా మూడో అంతస్తులో నొక్కితే లిఫ్టు రెండో అంతస్తుకు పోతుంది. ఆ టెన్షన్ నేను చూశాను.

పెట్టెలన్నీ లిఫ్టును నడిపే కంట్రోలర్‌తో మాట్లాడుకునే నెట్‌వర్క్ పద్ధతిలో కింది నుంచి వరుసగా బటన్లు నొక్కుకుంటూ పోతే చాలు, నంబర్లు కంట్రోలరే ఇచ్చుకునేలా చేయొచ్చు. ఎత్తైన భవనాలకు ఇదే మేలు. మా ఐదంతస్తులకు పాతదే చాలు.

మరి స్విచ్చుల బదులు నెట్‌వర్క్ వాడే ఈ మార్పుకు పేటెంట్ వస్తుందా? మన 1970 పేటెంట్ల చట్టం ప్రకారం ఆ పనిలో ఆరితేరినవాళ్లకు ఇట్టే తట్టేదైతే రాదు. అమెరికాలోనూ 2007లో అక్కడి సుప్రీంకోర్టు కేఎస్ఆర్ అనే కంపెనీ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, తెలిసిన భాగాలను తెలిసిన పద్ధతిలోనే కలిపి, ఊహించిన ఫలితమే రాబడితే పేటెంట్ నిలవడం కష్టం. తప్పు నంబర్‌ను తనంతట తానే పసిగట్టే కొత్త ఉపాయమేదైనా ఉంటే మాత్రం నేను దాని పక్షమే.