లింకులు ఏరడానికి రీజెక్స్101: ఎందాకా పనికొస్తుంది?

పేజీ సోర్సులోంచి లింకులు ఏరే ప్యాటర్న్‌ను (టెక్స్ట్‌లో ఏం వెతకాలో గుర్తులతో చెప్పే నమూనా, దీన్నే రీజెక్స్ అంటారు) కోడ్‌లో పెట్టేముందు సరిచూసుకోవడానికి రీజెక్స్101 సైటు చాలా మంచిది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. పైన ప్యాటర్న్ రాసి, కింద హెచ్‌టీఎంఎల్ ముక్క అతికిస్తే దొరికినవాటికి రంగు పడుతుంది. ప్యాటర్న్‌లో ఏ గుర్తుకు ఏం అర్థమో కుడిపక్కన ఉంటుంది.

ముందు ఎడమపక్క ఫ్లేవర్, అంటే ఏ భాష రీజెక్స్ నియమాలు వాడాలో, చూసుకోండి. మీ కోడ్ పైథాన్‌లో ఉంటే పైథానే పెట్టాలి. పీసీఆర్‌ఈ2లో (పీహెచ్‌పీ వాడే రకం) ఉంచేస్తే ప్రతి / ముందూ \ అడుగుతుంది. డీలిమిటర్‌ను (ప్యాటర్న్ మొదట్లో, చివర్లో ఉండే హద్దు గుర్తు) ~ గా మార్చేస్తే ఆ గోల ఉండదు.

ఇక హెచ్‌రెఫ్=".*" అని (హెచ్‌రెఫ్ అంటే లింకు చిరునామా ఉండే href, ప్యాటర్న్‌లో ఇంగ్లిష్‌లోనే రాయాలి) రాసి, ఒకే లైన్లో రెండు లింకులున్న ముక్క మీద వదలండి. మొదటి లింకు నుంచి రెండో లింకు ఆఖరి కొటేషన్ దాకా ఒకటే రంగు! .* కి ఆకలెక్కువ, దొరికినంతా మింగుతుంది. దాని చోట "([^"]*)" పెడితే రెండూ విడిపోతాయి. పేజీలో సింగిల్ కొటేషన్లూ కలిసి ఉంటే (["'])(.*?)\1 వాడాలి. అప్పుడు చిరునామా రెండో గ్రూపులోకి (ఒక్కో బ్రాకెట్ జత పట్టింది ఒక్కో గ్రూపు) వెళ్తుంది, కోడ్‌లో నంబరు మార్చడం మరవద్దు. హెచ్‌రెఫ్ ముందు వర్డ్ బౌండరీ (మాట హద్దును చెప్పే \b) పెడితే చాలదు. డేటా-హెచ్‌రెఫ్‌లోని హైఫన్ తర్వాత కూడా అది కుదిరిపోతుంది కాబట్టి వైట్‌స్పేసే అడగండి.

తెలుగు పేజీలకు ఇంకో తిరకాసుంది. లింకు మీది మాటల్ని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూతో (\w, మాటలోని అక్షరాలను పట్టే గుర్తు) పట్టబోతే జావాస్క్రిప్ట్‌కు తెలుగు అక్షరమే కాదు. పైథాన్ 'తెలుగు'లో 'త' పట్టుకుని ఎత్వం దగ్గర ఆగిపోతుంది, గుణింతపు గుర్తులు దాని లెక్కలోకి రావు. [^<]+ అని రాస్తే ఈ బాధ లేదు, లింకు లోపల మరో ట్యాగ్ లేనంతవరకు.

ఇక్కడ ప్యాటర్న్ పచ్చగా వెలిగిందంటే అతికించిన ముక్క మీద పనిచేసిందనే. కామెంట్‌లో దాచిన పాత లింకునూ, స్క్రిప్ట్‌లోని స్ట్రింగునూ అది వేరుచేయలేదు. &ఏఎంపీ; ని & గా మార్చదు. సగం చిరునామాలను యూఆర్ఎల్‌జాయిన్‌తో (పైథాన్‌లో చిరునామాలు అతికే ఫంక్షన్) మనమే పూర్తిచేసుకోవాలి. ఒకే టెంప్లేటుతో వచ్చిన పేజీల నుంచి ఒక్కసారి ఏరుకోవడానికైతే రీజెక్స్ చాలు. రోజూ నడిచే స్క్రిప్టుకు, ఎవరెవరో రాసిన పేజీలకు బ్యూటిఫుల్ సూప్ (హెచ్‌టీఎంఎల్ చదివే పైథాన్ లైబ్రరీ) వాడండి. అక్కడ లింకులుండే a ట్యాగులన్నీ తెచ్చి హెచ్‌రెఫ్ అడగడం రెండు లైన్ల పని.

అన్నట్టు, సేవ్ చేస్తే వచ్చే లింకు ఎవరి చేతికి చిక్కినా మీరు అతికించిన టెక్స్ట్ కనబడుతుంది. సెషన్ టోకెన్లున్న (మీ లాగిన్‌ను గుర్తుపట్టే రహస్య కోడ్‌లు) చిరునామాలను ముందే తీసేయండి.