సంఘం షాపులో నిమ్మ గజ్జికి మందు అడిగితే

రణస్థలం దగ్గర హైవే దిగి లావేరు వైపు వెళ్ళే దారిలో ఒక సంఘం షాపు ఉంది. దానికి పేరంటూ ఏమీ లేదు. బోర్డు మీద ‘ప్రకృతి వ్యవసాయ ఉత్పాదకాలు’ అని రాసి, కింద ఒక ఆవు బొమ్మ వేశారు. డ్వాక్రా ఆడవాళ్ళు నడుపుతారు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరికీ అది సంఘం షాపే. ద్రవ జీవామృతం, నీమాస్త్రం, దశపర్ణి కషాయం అమ్మే షాపులు ఇప్పుడు మన జిల్లాలో చాలానే ఉన్నాయి. వాటిని ఇక్కడా అమ్ముతారు, బాగానే ఉంటాయి, అంతకు మించి రాయడానికి ఏమీ లేదు. నేను రాస్తున్నది నిమ్మ గజ్జి అనే బ్యాక్టీరియా తెగులు గురించి. యాంటీబయాటిక్ పొట్లం చేతిలో పెట్టకుండా ఆ తెగులుకు ఏం చెయ్యాలో తెలిసి అమ్మే షాపు మా దగ్గర్లో నాకు ఇదొక్కటే దొరికింది.

మాది ఎకరంన్నర నిమ్మ. గట్ల మీద సువర్ణరేఖ మామిడి. గూడూరు వైపయితే వీధికో నిమ్మ రైతు ఉంటాడు, అడిగితే చెప్తాడు. మా వైపు నిమ్మ తోటలే తక్కువ, ఇక చెప్పేవాడెవడు? పైగా మేం ఐదుగురు రైతులం కలిసి సేంద్రియ ధ్రువీకరణ కోసం పీజీఎస్ గుంపుగా నమోదయ్యాం. అంటే ఒకరి తోట ఒకరు తిరిగి చూసి సంతకం పెట్టాలి. ఒకడు కొట్టకూడని మందు కొట్టాడంటే మిగతా నలుగురికీ టెన్షనే.

గజ్జి వస్తే కాయ లోపల రసానికి ఏమీ కాదు. తొక్క మీదే గోధుమరంగు బొడిపెలు లేచి, మధ్యలో గుంట పడుతుంది. పచ్చళ్ళవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. విశాఖలో మా సరుకు తీసుకునే సేంద్రియ కొట్టాయన మాత్రం ఒక్కో కాయ చేతిలో తిప్పి చూస్తాడు. ఆయన కనుబొమ్మ లేచిందంటే బస్తా ధర అక్కడే పడిపోతుంది.

టౌనులో ఏ పురుగుమందుల కొట్టుకు వెళ్ళినా సమాధానం ఒక్కటే: స్ట్రెప్టోసైక్లిన్, ఆరు గ్రాముల పొట్లం. పది లీటర్ల నీళ్ళకు ఒక గ్రాము, దాంతోపాటు 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్. వాళ్ళది తప్పనడానికి లేదు, ఏళ్ళ తరబడి పుస్తకాల్లో ఉన్న మోతాదే అది. కానీ ఆ పొట్లంలో ఉన్నది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. స్ట్రెప్టోమైసిన్ అంటే మా నాన్నగారి తరంలో క్షయకు పొడిచిన సూదిమందు. మనుషులకు పనికొచ్చే మందును చెట్ల మీద చల్లుకుంటూ పోతే, దానికి లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయన్నదే దీని మీద అభ్యంతరం. వ్యవసాయంలో ఈ రెండింటి మిశ్రమాన్ని ఆపేయడానికి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు కూడా ఇచ్చింది. అమెరికాలో సేంద్రియ ఆపిల్, పియర్ తోటలకు ఫైర్ బ్లైట్ అనే తెగులు కోసం ఈ మందుల్ని చాలాకాలం మినహాయింపుగా వాడనిచ్చి, 2014 అక్టోబరులో ఆ తలుపు మూసేశారు. వాళ్ళది వేరే బ్యాక్టీరియా, ఎర్వీనియా. మన నిమ్మది జాంథోమోనాస్. అవస్థ మాత్రం ఒకటే.

ఇక షాపు సంగతి. బల్ల వెనక కూర్చునే ఆవిడను అందరూ అప్పా అనే పిలుస్తారు, నేనూ అంతే. గజ్జికి మందు కావాలన్నాను. “ఆకేదీ?” అంది. తేలేదన్నాను. “ఆకు సూడకుండా మందెలాగిస్తాను బావూ?” అని, వెనకాల నిలబడ్డ మనిషికి బెల్లం తూచడంలో పడిపోయింది. మొదట కోపమొచ్చిన మాట నిజం. మర్నాడు కొమ్మతో సహా పట్టుకెళ్తే ఆకును వెలుతురుకెత్తి చూసింది. మచ్చ చుట్టూ పసుపు వలయం కనిపించింది. తర్వాత బొటనవేలితో పై వైపు ఒకసారి, అడుగు వైపు ఒకసారి నిమిరింది. రెండు వైపులా గరగరలాడింది. అప్పుడు నా వేలు పట్టుకుని మచ్చ మీద పెట్టించింది. ఆ మచ్చల పక్కనుంచే తెల్లటి వంకర గీతలు కూడా పోతున్నాయి. అది ఆకు తొలిచే పురుగు చేసిన పని. ఆ పురుగు చేసిన గాయాల్లోంచి గజ్జి లోపలికి దిగుతుంది. “పాత ఆకు మీదున్నదాన్ని ఏటీ సెయ్యలేం. కొత్త సిగురును కాసుకోవాల” అని చెప్పి, ఆ రోజు నాకు అమ్మింది ఒక సీసా వేపనూనె మాత్రమే. లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, కాస్త కుంకుడు రసం కలిపి, చిగురు కనపడగానే కొట్టమంది. పురుగును ఆపితే సగం దారులు మూసుకుంటాయట. అమ్ముకోవడానికి కూర్చున్న మనిషి ఇంత తక్కువ అమ్మడం నేను చూడలేదు.

అసలు మందు బోర్డో మిశ్రమం. ప్రకృతి వ్యవసాయం నిష్ఠగా చేసేవాళ్ళు అందులో పడే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పేరెత్తితేనే ముఖం చిట్లిస్తారు. అందుకేనేమో ఈ సెట్లు ముందు బల్ల మీద ఉండవు, వెనక గదిలో ఉంటాయి, అడిగితే తెస్తారు. ఒక సంచిలో కిలో మైలుతుత్తం, ఇంకో సంచిలో కిలో కాల్చిన సున్నపురాయి. వంద లీటర్ల నీళ్ళకు సరిపోతుంది. రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో యాభై యాభై లీటర్ల నీళ్ళు పోసి, ఒకదాంట్లో మైలుతుత్తం కరిగించి, రెండోదాంట్లో సున్నం విరగబోసి వడకట్టి, మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలోకి కలుపుతూ పోయాలి. ఇనుప డ్రమ్ము వాడితే మైలుతుత్తం ఇనుమును తినేస్తుంది. కలిపాక సానబెట్టిన కొడవలి కొస అందులో ముంచి కాసేపు ఉంచాలి. కొస మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం పొయ్యాలి. పూత పడకుండా పోయేదాకా చూడకుండా కొట్టారా, లేత చిగురు మాడిపోతుంది. ఇదంతా అప్ప నోటితో చెప్పడమే కాదు, షాపు వెనక చిన్న బకెట్లో కలిపి చూపించింది. కలిపిన రోజే కొట్టెయ్యాలి, రేపటికి దాచుకుంటే పనికిరాదు.

ఇక్కడే షాపు మీద నా మొదటి ఫిర్యాదు. సున్నపురాయి సంచులకు మూతి సరిగ్గా కట్టరు. వానాకాలంలో గాలి తగిలి రాయి పొడిగా మారిపోతుంది. నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగాల్సింది చప్పగా కూర్చుంటుంది. అలాంటిది ఒక సంచి నాకు వచ్చింది. తిరిగి తీసుకెళ్తే మారు మాట లేకుండా మార్చి ఇచ్చారు, ఆటో ఖర్చు మాత్రం నాదే. మీరు వెళ్తే అక్కడే సంచి విప్పి, రాయి గడ్డలుగా ఉందో లేదో చూసుకోండి.

బోర్డో గురించి ఇంకో మాట. ఇది జబ్బు పడ్డ ఆకును బాగుచెయ్యదు, ఆకు మీద పొరలా ఉండి కొత్త బ్యాక్టీరియాను ఆపుతుంది, అంతే. కొట్టిన తర్వాత పుట్టిన ఆకుకు ఆ పొర ఉండదు కాబట్టి ప్రతి కొత్త చిగురుకూ మళ్ళీ కొట్టాలి. అలాగని ఇష్టం వచ్చినట్టు కొట్టడానికీ లేదు. రాగి నేలలో పేరుకుంటుంది, వానపాములకు మంచిది కాదు. ఐరోపాలో రాగి వాడకానికి ఏడేళ్ళకు కలిపి హెక్టారుకు 28 కిలోల హద్దు పెట్టారు. మైలుతుత్తంలో నాలుగో వంతే రాగి కాబట్టి, మా ఎకరంన్నరకు లెక్కేస్తే ఏడాదికి దాదాపు తొమ్మిదిన్నర కిలోల మైలుతుత్తం వస్తుంది. నేను ఆ లెక్కను గోడ మీద బొగ్గుతో రాసుకుని, వాడినప్పుడల్లా ఒక గీత పెడుతున్నాను.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే మేలు చేసే బ్యాక్టీరియా పొడి కూడా అమ్ముతారు. లీటరుకు పది గ్రాముల చొప్పున ఆకుల మీద, మిగిలింది మాగిన పశువుల ఎరువులో కలిపి పాదుల్లో వేస్తున్నాను. ఇది బతికున్న సరుకు. రాగి తగిలితే చస్తుంది. బోర్డోతో ఒకే ట్యాంకులో కలిపితే రెండింటికీ పెట్టిన డబ్బు నీళ్ళపాలే. మధ్యలో కనీసం రెండు వారాలు ఎడం ఉంచమని అప్ప ప్రతి పొట్లం మీదా పెన్నుతో రాసి ఇస్తుంది. చదువు రాని రైతుకయితే రెండు వేళ్ళు చూపించి చెప్తుంది.

రెండో ఫిర్యాదు కూడా ఈ పొడి మీదే. షాపు పైకప్పు రేకులది. మే నెలలో లోపలికి అడుగుపెడితే పొయ్యి దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. అంత వేడిలో నెలల తరబడి ఉన్న పొట్లంలో ఎన్ని సూక్ష్మజీవులు బతికుంటాయి? నేను తయారీ తేదీ చూసి కొత్త పొట్లమే అడుగుతాను, రిజిస్ట్రేషన్ నంబరు, గ్రాముకు ఎన్ని కణాలన్న లెక్క లేబుల్ మీద ఉన్నాయో లేదో చూస్తాను. ఎండాకాలంలో అసలు కొనను. ఈ మాట అప్పకు మొహం మీదే చెప్పాను. “మట్టి కుండలో ఎట్టి, సుట్టూ తడి గోనె కడదామనుకుంతన్నాం” అంది. కట్టలేదింకా. అయినా టౌనులో ఒక కొట్టువాడు లేబులే లేని పచ్చ సీసా చేతిలో పెట్టి, “బయో సార్, అన్ని తెగుళ్ళకూ ఇదే” అన్నదానితో పోలిస్తే ఇది వెయ్యి రెట్లు నయం.

పుల్లటి మజ్జిగ గురించి మాత్రం షాపుతో నాకు పడదు. సంఘంలో మిగతా ఆడవాళ్ళు ప్రతి తెగులుకూ అదే చెప్తారు. బూజు తెగుళ్ళకు పని చేస్తుందేమో, కాదనను. గజ్జికి దాన్ని నమ్ముకుని చిగురు కాలం పోగొట్టుకోవద్దు.

అద్దె సామాను మంచి సదుపాయం. కత్తిరింపు కత్తెరతో పాటు ఒక స్పిరిట్ సీసా, గుడ్డ ముక్క కలిపే ఇస్తారు. ఒక చెట్టు కాగానే కత్తెరను స్పిరిట్‌తో తుడిచి రెండో చెట్టుకు వెళ్ళాలి, లేదంటే తెగులును మనమే చెట్టు చెట్టుకూ మోసుకెళ్ళినట్టు. వానలు పడకముందు, ఎండాకాలంలోనే జబ్బు కొమ్మలు కోసి, రాలిన ఆకుతో సహా కాల్చేశాం. కోసిన చోట బోర్డో పేస్టు పూశాం, కిలో కిలోకు పదే లీటర్ల నీళ్ళు. పవర్ స్ప్రేయర్ రోజుకు 300 అద్దె. ఇంజను బాగుంది, నాజిల్ అరిగిపోయింది, మంచులా పడాల్సిన మందు ధారగా పడుతోంది. నేను సొంత నాజిల్ కొనుక్కుని తీసుకెళ్తున్నాను.

షాపులో అమ్మని సలహాలు కూడా రెండు దొరికాయి. ఆకు తడిగా ఉండగా కూలీలను తోటలోకి దించొద్దు, బట్టలకూ చేతులకూ అంటుకుని తెగులు తిరుగుతుంది. పడమటి గట్టు వెంట సరుగుడు వేయమంది, గాలివాన జోరు తగ్గుతుందని. మన సముద్రం పక్క ఊళ్ళకు సరుగుడు కొత్తేమీ కాదు, నిమ్మ కోసం వెయ్యాలని మాత్రం నాకు తట్టలేదు. వాన ఒక్కటే పడితే ఇంత ఉండదు. గాలితో కలిసి పడితేనే నీటి చుక్కలు దూరం పోతాయి, ముళ్ళు గీసుకుని ఆకులకు గాయాలవుతాయి. ఫ్లోరిడాలో గజ్జిని నిర్మూలిద్దామని చెట్లకు చెట్లు నరికించారు. 2004, 2005 తుఫానులు దాన్ని రాష్ట్రమంతా వెదజల్లాక, 2006లో ఆ పని వదిలేశారు. తిత్లీ తుఫాను చూసిన మనకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఫలితం అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. గజ్జి పోలేదు. పాత కొమ్మల మీద ఇంకా ఉంది. కిందటి వానాకాలం చిగురు మాత్రం చాలావరకు శుభ్రంగా వచ్చింది, విశాఖ ఆయన కనుబొమ్మ కొంచెం కిందికి దిగింది. ఖర్చు స్ట్రెప్టోసైక్లిన్ కంటే తక్కువేమీ కాదు. మందు చవకే, కూలీయే ఎక్కువ. బోర్డో కలిపి, వడకట్టి, కొట్టేసరికి ఇద్దరు మనుషులకు రోజు గడిచిపోతుంది. ఒక పొట్లంతో పని అయిపోవాలనుకునేవాళ్ళకు ఈ షాపు నచ్చదు. కొత్తగా నిమ్మ వేద్దామనుకునేవాళ్ళు మొక్కల దగ్గరే జాగ్రత్త పడొచ్చు: తిరుపతి పరిశోధనా కేంద్రం ఇచ్చిన బాలాజీ రకం గజ్జిని బాగా తట్టుకుంటుంది. అప్ప దగ్గర మొక్కలు ఉండవు, అడగొద్దు.

పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం సంఘం మీటింగుంటే షట్టరు సగం దించేస్తారు. చిల్లర పట్టుకెళ్ళండి, సెల్లులో డబ్బు వేద్దామంటే సిగ్నలు అందదు. ఆకు తీసుకెళ్ళేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి పట్టుకెళ్ళండి, దారిలో ఇంకొకరి తోటకు అంటించకుండా.